పొగ లేని నిప్పు

పోయిన వారం కింది ఇంటి ఒదినె వచ్చి, "మీ ఇంట్ల కుంపటి ఉండెగదా, ఒక నెల వాడుకోని ఇస్త" అని అడిగింది. వాళ్ళ బిడ్డ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నయి. బాలింత అర్రలో నిప్పులు లేకపోతే ఎట్లా అని ఆమె రంది.

అడగడంలో తప్పేమీ లేదు. ఈసారి చలి అట్లనే ఉంది. కరీంనగర్‌లోనే పొద్దున ఎనిమిదైనా శాలువా తీయబుద్ధి కావడం లేదు. ఇక ఆదిలాబాద్ దిక్కు చెప్పనే అక్కర్లేదు. ఏటా ఈ దినాలు వచ్చినయంటే సిర్పూర్ (యు), గిన్నెదరి, తిర్యాణి, అర్లి (టి) అని మన ఊర్ల పేర్లే పేపర్ల మొదటి పేజీకి ఎక్కుతయి. అయిదు డిగ్రీలు, ఆరు డిగ్రీలు అని రాస్తరు. అంత ఇగంలో పసిగుడ్డును పెట్టుకున్న తల్లికి వెచ్చదనం కావాలనుకోవడం ఏ అమ్మకైనా సహజమే.

అయినా నేను వెంటనే "తీసుకపో ఒదినే" అనలేకపోయాను. అటక మీదున్న ఆ కుంపటిని చూస్తే నాకు పద్దెనిమిదేండ్ల కిందటి ఒక రాత్రి గుర్తుకొస్తుంది. ఇన్నేండ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈసారి చెప్పాలనిపించింది.

అప్పుడు మా చెల్లె కాన్పుకు మంచిర్యాల వచ్చింది. మంచిర్యాల అప్పటికి ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, 2016లోనే కదా వేరే జిల్లా అయింది. మా బాపు సింగరేణిలో బాయి పని చేసి దిగిపోయిండు. వచ్చిన పైసలతో కొత్తగా స్లాబు ఇల్లు కట్టిండు. జరిపే అద్దాల కిటికీలు, కొత్త తలుపులు, నాపరాయి బదులు టైల్స్. అమ్మకు ఆ ఇల్లంటే ఎంత గర్వమో! "ఒక్క పురుగు రాదు, ఇంత దుమ్ము రాదు" అని వచ్చినోళ్ళందరికీ చూపించేది.

చెల్లెకు డిసెంబరులో కొడుకు పుట్టిండు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన నాలుగో రోజు చలి బాగా ముదిరింది. అమ్మ ఎప్పటిలాగే అన్నీ చేసింది. వావిలాకు నీళ్ళతో స్నానం చేయించింది. ఊదు పొగ వేసింది. నిప్పుల మీద ఓమ, ఎల్లిపాయ పొట్టు చల్లింది. రాత్రి పొయ్యిలో కట్టెబొగ్గులు ఎర్రగా కాల్చి, పొగ పూర్తిగా పోయినంక, కుంపట్లో పోసి మంచం కింద పెట్టింది. పొగ ఉంటే పిల్లగానికి మంచిది కాదని అంత జాగ్రత్త తీసుకుంది పాపం.

కిటికీ పక్కన సన్నటి సందు ఉండింది. అందులోంచి గాలి సూదిలాగ గుచ్చుతున్నదని చెల్లె అన్నది. పాత చీర ముక్క మడిచి ఆ సందులో కుక్కింది నేనే. తలుపు కింద గోనెసంచి పెట్టింది కూడా నేనే. ఇంట్లో చదువుకున్నదాన్ని నేను. తెలుగు బీఏ. ఛందస్సు తెలుసు, సమాసాలు తెలుసు. బొగ్గు ఏం చేస్తదో తెలియదు.

నేను ముందర గదిలో పడుకున్నాను. తెల్లవారుజామున నీళ్ళు కాగబెడదామని లేచి చెల్లె గది తలుపు తోసిన. లోపల వెచ్చగా, నిమ్మళంగా ఉంది. మంటా లేదు, పొగా లేదు, వాసనా లేదు. అమ్మను లేపితే "తల పగిలిపోతున్నదే" అని లేచి, రెండడుగులు వేసి తూలి పడింది. చెల్లె ఎంత పిలిచినా కండ్లు సరిగా తెరవలేదు. పిల్లగాడు ఏడవడం లేదు. అప్పటిదాకా రాత్రంతా పాల కోసం ఏడ్చేటోడు, ఆ రాత్రి అసలు ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నేను అరిచిన అరుపుకు బాపు ఉరికొచ్చిండు. గడపలో ఒక్క క్షణం నిలబడి, మంచం కిందున్న కుంపటిని చూసి, "అందరిని బయటికి గుంజు" అని కేకేసిండు. కిటికీ గుడ్డ పీకి, తలుపులు బార్లా తీసి, కుంపటిని ఎత్తుకపోయి వాకిట్ల బోర్లించిండు. ఆటోలో దవాఖానకు పోయినం. ఆక్సిజన్ పెట్టినరు. పిల్లగాడు గంట తర్వాత ఏడ్చిండు. అంత కమ్మటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

వాళ్ళు ముగ్గురూ బతికినరు. అందుకే ఇది ఇంత తాపీగా కూర్చుని రాయగలుగుతున్నాను.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని సామెత చెప్పుకుంటం. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదు అని అనుకోవడం కూడా ఆ సామెత మనకు తెలియకుండా నేర్పిన పాఠమేనేమో. బొగ్గు విషయంలో అది తప్పు. బొగ్గుకు చాలినంత గాలి అందకపోతే అది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లు మండవు, దగ్గు రాదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఉంది కదా, అది ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లు ఎక్కువగా ఈ వాయువును పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ వీళ్ళే ఆక్రమించుకుంటే అసలు ఎక్కవలసినవాళ్ళు కింద నిలబడిపోయినట్టు, మనం ఊపిరి తీస్తూనే ఉంటాం కానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. కడుపులోని బిడ్డకూ, పసిగుడ్డుకూ ప్రమాదం పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. గర్భిణులను, బాలింతలను మనం ఎక్కడ పడుకోబెడుతున్నామో ఒకసారి ఆలోచించండి.

నివురు గప్పిన నిప్పు అని ఎంత బాగా అన్నరో మన పెద్దలు! పైన బూడిద తెల్లగా కప్పింది, ఇక ఆరిపోయినట్టే అనుకుంటం. లోపల నిప్పు బతికున్నంతసేపు ఆ వాయువు వస్తూనే ఉంటుంది. కాబట్టి "పడుకునే ముందు బూడిద కప్పినం" అనేది జాగ్రత్త కానే కాదు.

ఇప్పుడు నా అసలు మాట. ఈ సంగతి చెబితే రెండు రకాల మాటలు వినబడుతయి. చదువుకున్న పిల్లలు, "ఇవన్నీ పాత చాదస్తాలు, మీ అమ్మలకు ఏం తెల్వదు" అంటరు. పెద్దవాళ్ళేమో, "మా అత్త చేసింది, నేను చేసిన, ఎవరికేమైంది? నిన్ను గట్లనే పెంచినం" అంటరు. నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను.

మా అమ్మమ్మ ఇల్లు గూనపెంకల ఇల్లు. పడుకొని పైకి చూస్తే పెంకల సందుల్లోంచి వెలుతురు చారలు కనబడేవి. తలుపు చెక్కల మధ్య వేలు దూరేది. చూరుకూ గోడకూ మధ్య పిచ్చుకలు వచ్చిపోయేంత జాగ ఉండేది. ఆ ఇంట్లో కుంపటి పెట్టినా గాలి ఆడుతూనే ఉండేది. గది ఎంత వెచ్చబడేదో అంత చల్లబడేది కూడా. అందుకే అక్కడ రాత్రంతా నిప్పు కావలసి వచ్చింది, అందుకే చాలామందికి ఏమీ కాలేదు. ఉట్నూరు, జైనూరు దిక్కు గూడేలల్లో ఇండ్ల నడుమ పొయ్యి రాజుకునే ఉండేది. తడిక గోడలు, గడ్డి కప్పు. పొగకు కండ్లూ ఊపిరితిత్తులూ పాడయ్యేవి, అది వేరే కష్టం. కానీ ఇల్లు మాత్రం ఊపిరి పీల్చేది.

ఇప్పుడు మనం కట్టుకున్న ఇండ్లు అట్లా లేవు. స్లాబు, అద్దాల కిటికీ, ఏసీ కోసమని సందు లేకుండా బిగించిన గది, దోమలకని జాలీ, చలికని దాని మీద పరదా. మా అమ్మ తన తల్లి చేసినట్టే చేసింది, ఆచారంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఇల్లు. దాని సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ చెప్పలేదు, కిటికీలు బిగించినాయన చెప్పలేదు, తెలుగు బీఏ బిడ్డ కూడా చెప్పలేదు.

ఆ ఇంట్లో ఈ గ్యాసు సంగతి తెలిసిన మనిషి ఒక్కరే, మా బాపు. బొగ్గు బాయిలోకి దిగేవాళ్ళు నడుముకు ఒక డబ్బా కట్టుకుంటరు, సెల్ఫ్ రెస్క్యూయర్ అంటరు దాన్ని. లోపల నిప్పంటుకుంటే వచ్చేది ఈ కార్బన్ మోనాక్సైడే. అప్పుడు దాన్ని నోట్లో పెట్టుకుని బయటపడాలె. పైన పెద్ద ఫ్యాను రాత్రింబవళ్ళు తిరుగుతూ లోపలికి గాలి ఆడిస్తుంది. అది ఆగితే పని వదిలి పైకి రావాల్సిందే. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని ఇండ్లల్లో ఈ సంగతి తెలియని మగమనిషి ఉండడు. మరి వాళ్ళ ఇండ్లల్లో ఆడవాళ్ళకు ఎందుకు తెలియదు? బాయి సంగతులు బాయిలోనే ఉండిపోయినయి. బాలింత అర్రలోకి మగవాళ్ళు తొంగి చూడకపాయె. ఆ రోజు దవాఖాన వరండాలో బాపు తల పట్టుకొని, "ముప్పయేండ్లు బాయిల గాలి సూసుకున్న, ఇంట్ల సూసుకోకపోతి" అన్నడు. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది ఆ మాట.

ఇది మన పల్లెల అజ్ఞానం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. బొగ్గు గని కార్మికుల జీవితం మీద 'జెర్మినల్' నవల రాసిన ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1902లో పారిస్‌లోని తన సొంత ఇంట్లో, పడకగదిలో చలికాగే పొయ్యి పొగగొట్టం సరిగా లేక, ఈ వాయువుతోనే చనిపోయిండు. భార్య చావు దాకా పోయి బతికింది. అంతెందుకు, 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ చూడటానికి పోయిన ఎనిమిది మంది దామన్ అనే చోట ఒక రిసార్టు గదిలో గ్యాసు హీటరు పెట్టుకుని, తలుపులు కిటికీలు వేసుకుని పడుకున్నరు. తెల్లారి లేవలేదు. అందులో నలుగురు పిల్లలు. చలి లేని దేశం నుంచి చలి ఉన్న చోటికి పోయినవాళ్ళు వాళ్ళు. మనం చలి లోపలికి రాని ఇండ్లలోకి మారినవాళ్ళం. ఇద్దరికీ తెలియాల్సిన సంగతి ఒక్కటే.

మరి ఏం చేయాలె? నేను పాటించేవి చెబుతాను.

పడుకునే గదిలో నిప్పు వద్దు. కట్టెబొగ్గైనా, రాతిబొగ్గైనా, పిడకలైనా, గ్యాసు హీటరైనా అంతే. "కిటికీ కొంచెం తీసి పెడతం" అనేవాళ్ళున్నరు. కిటికీ తీయడం మంచిదే కానీ, ఎంత తీస్తే చాలునో మనకు కొలిచే సాధనం లేదు. అర్ధరాత్రి చలేసి ఎవరో ఒకరు దాన్ని మూసేస్తరు కూడా. నిప్పు బయటనే ఉండనీయండి. ఊదు వేయాలనుకుంటే పగటిపూట, తలుపులు తీసి, అయిదు నిమిషాలు వేసి కుంపటి బయటికి తీసేయండి. చంటిపిల్లల ముక్కు దగ్గరికి ఆ పొగ పోనీయకండి. బట్టలు ఆరబెట్టుకోవడానికి కుంపటిని వరండాలో వాడుకోండి. వాడినంక నీళ్ళు చల్లి, పూర్తిగా చల్లారిందాకా లోపలికి తేవద్దు.

మరి పిల్లగానికి వెచ్చదనం? దానికి తల్లి ఒళ్ళును మించిన కుంపటి లేదు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో బరువు తక్కువ పిల్లలకు ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్లు బిడ్డను తల్లి ఎద మీద ఒంటికి ఒళ్ళు తగిలేటట్టు పడుకోబెట్టి పైన గుడ్డ కప్పడం మొదలుపెట్టినరు. కంగారూ పద్ధతి అని ఇప్పుడు మన దవాఖానల్లోనూ నేర్పుతున్నరు. తల్లి మెలకువగా ఉన్నప్పుడు అట్లా పెట్టుకుంటే చాలు, బిడ్డ వెచ్చబడుతుంది. తలకు టోపీ, కాళ్ళకు సాక్సులు, పొడిగా ఉన్న గుడ్డలు. పక్కను ముందుగానే వేడినీళ్ళ సంచితో వెచ్చబెట్టి, బిడ్డను పడుకోబెట్టే ముందు సంచి తీసేయాలి. తల్లికి గొంగడో రజాయో ఎట్లాగూ ఉంటుంది.

కరెంటు హీటరు ఈ వాయువును వదలదు. కానీ దానికి దాని ప్రమాదం ఉంది. రెండు వేల వాట్ల హీటరును పెద్ద ప్లగ్గుకే, అంటే 16 ఆంపియర్ల దానికే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే తీగ వేడెక్కి అంటుకుంటుంది. పరుపుకు, పరదాకు, పిల్లల బట్టలకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి. దాని మీద బట్టలు ఆరేయడం అసలే వద్దు. పడుకునే ముందు అరగంట గది వెచ్చబెట్టి తీసేయొచ్చు. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే పదహారు యూనిట్లు కాలుతయి, ఆ లెక్క చెబితే మగవాళ్ళే లేచి ఆపేస్తరు.

ఇంకొకటి, స్నానాల గదిలో గ్యాసు గీజరు. కుంపటి పాతకాలం అని నవ్వేవాళ్ళ ఇండ్లల్లోనే ఇది ఉంటుంది. చిన్న గది, చలికని మూసిన వెంటిలేటరు, లోపల మండే గ్యాసు. ఇదీ కుంపటే, మొహం మార్చుకుని వచ్చింది. గీజరు స్నానాల గది బయట, గాలి ఆడే చోట బిగించుకోవాలి. లోపలే ఉంటే బకెట్లో నీళ్ళు పట్టుకుని, గీజరు ఆపి, తలుపు కాసేపు తీసి పెట్టి, తర్వాత స్నానానికి పోవాలి. మంట నీలంగా ఉండాలి. పచ్చగా, ఎర్రగా మండుతుంటే, మసి పడుతుంటే వాడటం ఆపి బాగు చేయించుకోవాలి. చలికాలం మొదలయ్యే ముందు ఏటా ఒకసారి చూపించడం బీరువా శుభ్రం చేసుకున్నంత మామూలు పని కావాలి.

చివరిగా గుర్తులు. ఇంట్లో ఒకేసారి అందరికీ తలనొప్పి, కండ్లు తిరగడం, కడుపులో తిప్పడం, వాంతులు. జ్వరం ఉండదు. బయటికి పోతే కొంచెం నయమైనట్టుంటుంది. మా ఇంట్లో అమ్మకు తల పగిలిపోతుంటే అది "పైత్యం" అనుకుంది. ఇంకొకరైతే గాలి సోకింది అనేవాళ్ళేమో. నిజమే, సోకింది గాలే! ఇట్లాంటప్పుడు ముందు మనుషులను బయటికి తేవాలి, తర్వాత 108కు ఫోన్ చేయాలి, డాక్టరుకు "గదిలో బొగ్గులు పెట్టుకున్నం" అని మొదటి మాటగా చెప్పాలి. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ మామూలు మిషన్ నెత్తురులో ఉన్నది ఆక్సిజనో ఈ వాయువో తేడా చెప్పలేదు, అంతా బాగున్నట్టే చూపిస్తుంది. తేరుకున్నంక కూడా కొందరికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు లాంటివి వస్తయి, అందుకని మళ్ళీ చూపించుకోవడం మరవద్దు.

ఇవన్నీ తెలిసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. బాలింత మాట ఎవరు వింటరు? పుట్టింట్లోనైతే అమ్మతో గొడవ పడొచ్చు. అత్తగారింట్లో, పది రోజుల పచ్చి ఒళ్ళుతో, "ఈ నిప్పులు తీయండి" అనడం ఎంత కష్టమో మనకందరికీ తెలుసు. "ఇంత చలిలో కిటికీ తీస్తవా, పిల్లగానికి సలి పెట్టదా" అని ఒక్క మాటంటే నోరు మూతపడుతుంది. కాబట్టి ఆ మాట ఆమె చెప్పాల్సిన అవసరం రాకూడదు. శ్రీమంతం నాడే, ఇంకా అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే, మనలాంటి నడివయసు ఆడవాళ్ళం చెప్పాలి. పిన్నులం, పెద్దమ్మలం, మేనత్తలం. మన మాటకు అటు అత్తలు కొంచెం విలువిస్తరు, ఇటు కోడండ్లు కొంచెం నమ్ముతరు. ఆ నడుమ వయసు మనకు దేవుడు ఊరికే ఇయ్యలేదు.

కింది ఇంటి ఒదినెకు కుంపటి ఇచ్చాను. ముందు కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఇదంతా చెప్పి ఇచ్చాను. చీర ముక్క సంగతి కూడా చెప్పిన. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "మా చిన్నమ్మ ఇంట్ల గిట్లనే అయింది, అందరు ఏదో సోకిందన్నరు" అని మెల్లగా అన్నది. ఆ మాటకు నా ఒళ్ళు జలదరించింది. ఇట్లాంటి ఎన్ని ఇండ్లల్లో, ఎన్ని పేర్లు పెట్టి, దీన్ని మరిచిపోయి ఉంటరో.

మొన్న వాళ్ళ బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు పాలగిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, కిందికి తొంగి చూసిన. కుంపటి వాకిట్లో, తులసిగద్దె పక్కన, నీళ్ళు చల్లి ఉంది. బాలింత గది కిటికీ నాలుగు వేళ్ళంత తెరిచి ఉంది. లోపల పసిది గట్టిగా ఏడుస్తున్నది. ఏడువు బిడ్డా, ఏడువు అనుకుని వెళ్ళి పడుకున్నాను.